నలిపి అన్న మాట: పండ్ల క్రంబుల్‌కు ఒక వ్యాఖ్యానం

మూలం: "గట్టి పండును తరిగి గిన్నెల పరిచి, చల్లటి వెన్నతోటి పిండిని నలిపి, రవ్వయినంక పైన చల్లి, ఎర్రబడేదాక కాల్చి, ఆరినంక తినాలె."

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు ఒక ఎండాకాలం సెలవులకు చొప్పదండి వచ్చి, మా వంటింట్లో క్రంబుల్ చేసి పెట్టింది. తిరిగి పోయే ముందురోజు మా అవ్వ దాన్ని కూర్చోబెట్టి, "నాకు యాదుండేటట్టు ఒక్క మాటల చెప్పు బిడ్డా" అని అడిగింది. అది నాయినమ్మ భాషలోనే ఈ వాక్యం చెప్పింది. నేను క్యాలెండర్ కాగితం వెనక రాసి అల్మారా తలుపుకు అంటించాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చేశామో లెక్క లేదు. చేసిన ప్రతిసారీ ఈ వాక్యంలో ఏదో ఒక మాట కొత్తగా అర్థమైంది. ఒక్కొక్క మాటా తీసి చెబుతాను.

కొలతలు ముందే ఇచ్చేస్తాను. నలుగురైదుగురికి 700 గ్రాముల పండ్ల ముక్కలు, 150 గ్రాముల పిండి, 75 గ్రాముల వెన్న, 75 గ్రాముల చక్కెర. పిండిలో సగం వెన్న, సగం చక్కెర అని గుర్తుపెట్టుకుంటే త్రాసు లేకున్నా గడుస్తుంది.

గట్టి పండును

గట్టి అంటే పచ్చిది అని కాదు. మనకు దీనికి చక్కని మాట ఉంది: దోరపండు. రంగు తిరిగి, వాసన వచ్చి, వేలితో నొక్కితే ఇంకా ఎదురు తిరిగే పండు. పూర్తిగా మాగిన పండు వేడి తగలగానే నీరై, పైన చల్లిన పిండిని కింది నుంచే నానబెట్టేస్తుంది. అప్పుడు పైది జావ, కిందిది రసం.

ఇంగ్లండ్‌లో దీనికి ఆపిల్ వాడతారు. అదీ కోసుకుని తినే తియ్యటి ఆపిల్ కాదు, వంటకే పెంచుకునే బ్రామ్లీ అనే పుల్లటి రకం. మన బజారుకు వచ్చే ఆపిల్ కశ్మీరు నుంచో హిమాచల్ నుంచో వస్తుంది, తియ్యగా ఉంటుంది. దానితో చేస్తే నిమ్మకాయ పిండక తప్పదు. పులుపు లేని క్రంబుల్ రెండు చెంచాలకే మొహం మొత్తుతుంది.

మాకు మామిడి ఉండగా ఆపిల్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల తోటలకు లోటు లేదు. ఏప్రిల్, మే నెలల్లో జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మామిడి మార్కెట్ నుంచి లారీలు ఉత్తరాదికి బయలుదేరుతుంటాయి. ఆ తోటల్లో ఎక్కువగా కనబడేది బెనిషాన్. ఆంధ్రావాళ్లు బంగినపల్లి అనేది దీన్నే. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో చదివి, "మన బెనిషాన్‌కేనా ఇది?" అని అవ్వ అడగడం నాకు గుర్తు. క్రంబుల్‌కు ఇంతకన్నా మంచి పండు దొరకదు. పీచు ఉండదు, కండ గట్టి, ముక్క కోస్తే అంచు నిలుస్తుంది, దోరగా ఉన్నప్పుడు టెంక దగ్గర పులుపు మిగిలే ఉంటుంది. రసం పీల్చుకుని తినే నాటు మామిడిని మాత్రం దీనికి తేవద్దు. అది చేత్తో పిసుక్కుని తినాల్సిన పండు, దాన్ని కాల్చడం అన్యాయం.

చలికాలంలో జామ. గింజలున్న నడిమి భాగం చెంచాతో తీసేసి, చుట్టూ ఉన్న కండ మాత్రమే వాడాలి. లోపల ఎర్రగా ఉండే రకమైతే కాలాక గిన్నె అడుగంతా గులాబీ రంగు దిగుతుంది, చూడటానికే ఎంతో బాగుంటుంది.

సీతాఫలం గురించి ఒక హెచ్చరిక. దసరా ముందర గుట్టల మీది కాయలు గంపల్లో దిగుతుంటే ఎవరికైనా చెయ్యాలనిపిస్తుంది. మేమూ చేశాం. ఇల్లంతా కమ్మటి వాసన వచ్చింది, నోట్లో పెట్టుకుంటే చేదు. సీతాఫలం గుజ్జుకు వేడి పడదు, గట్టిగా కాగితే చేదెక్కుతుంది. సీతాఫలం బాసుందీ చేసేవాళ్లు పాలు దించి చల్లారాకే గుజ్జు కలిపేది అందుకే. ఆ పండుతో క్రంబుల్ కావాలంటే పిండిని విడిగా కాల్చుకుని, చల్లారాక పచ్చి గుజ్జు మీద చల్లుకోవాలి.

తరిగి

అంగుళం ముక్కలు. చిన్నవైతే కరిగిపోతాయి, పెద్దవైతే నడుమ పచ్చిగా ఉండిపోతాయి. ఇంతకు మించి ఈ మాటకు అర్థం లేదు.

గిన్నెల పరిచి

పోసి అనలేదు, పరిచి అన్నది. ముక్కలు రెండు వేళ్ల మందంలో సమంగా పరుచుకోవాలి. గిన్నె ముప్పావు వంతుకు మించి నిండకూడదు, రసం ఉడుకుతూ అంచుల వెంట పైకి పొంగుతుంది. ముక్కలకు రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా మొక్కజొన్న పిండి పట్టిస్తే ఊరిన రసం చిక్కబడుతుంది. మామిడికి చిటికెడు శొంఠిపొడి బాగుంటుంది, జామకు యాలకులు. దాల్చినచెక్క ఆపిల్‌కే నప్పుతుంది, మామిడిలో వేస్తే పండు వాసనను మింగేస్తుంది.

చల్లటి వెన్నతోటి

వాక్యంలో మమ్మల్ని మొదటిసారి ఓడించిన మాట ఇదే. మే నెల మధ్యాహ్నం. కరీంనగర్ ప్రాంతంలో ఆ రోజుల్లో ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే, వంటింట్లో స్టవ్ పక్కన ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే మా ఇంటి గాలికే కరుగుతుంది. మేనకోడలు ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కను పిండిలో వేసి వేళ్లు పెట్టిందో లేదో, రెండు నిమిషాల్లో గిన్నెలో మెత్తటి పసుపు ముద్ద తయారైంది. అది కాల్చితే పలకలాగా వచ్చింది. విరుచుకుని చాయ్‌లో ముంచుకుని తిన్నాం.

మరునాడు పొద్దున ఐదు గంటలకు లేచి చేసింది. పిండి గిన్నెను, స్టీలు పళ్లేన్ని కూడా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టింది. వెన్నను కత్తితో శనగగింజలంత ముక్కలు చేసి అదీ చల్లగానే ఉంచింది. ఈసారి కుదిరింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎండాకాలపు క్రంబుల్‌కు పిండి నలిపేది తెల్లవారకముందే. నలిపిన పిండిని డబ్బాలో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే నెల రోజులు నిలుస్తుంది, కావలసినప్పుడు తీసి అలాగే చల్లుకోవచ్చు.

నెయ్యి వాడవచ్చా అని అందరూ అడిగే ప్రశ్న. వాడవచ్చు. కానీ పేరిన నెయ్యి అయి ఉండాలి, కాచి పోసింది కాదు. వెన్నలో ఐదింట నాలుగు వంతులే కొవ్వు, మిగతాది చాలావరకు నీరు. నెయ్యిలో నీరుండదు. అందుకని 75 గ్రాముల వెన్నకు 60 గ్రాముల నెయ్యి చాలు. నెయ్యితో చేసినది ఇసుకలాగా పొడిపొడిగా, మరింత కమ్మగా వస్తుంది. వెన్నతో చేసినది కాస్త గుల్లగా, పెద్ద పలుకులుగా వస్తుంది. సంక్రాంతి చలిలో నెయ్యి సీసాలో పూసకట్టి ఉంటుంది కదా, జామపండు కాలమూ అదే. ఆ రెండింటికీ జోడీ కుదిరింది. ఇంట్లో చిలికిన వెన్న అయితే చన్నీళ్లలో రెండుసార్లు కడిగి, గట్టిగా పిండి, మజ్జిగ పూర్తిగా పోగొట్టాలి.

పిండిని

మేనకోడలు మైదా వాడింది. అవ్వకు మైదా అంటే పడదు, గోధుమ పిండి పోసింది, రుచి తగ్గలేదు సరికదా పెరిగింది. ఆ పైన జొన్న పిండి కూడా ప్రయత్నించింది. ఒకటి గమనించాను. మైదా, గోధుమలలో నీళ్లు తగలగానే సాగే జిగురు పుడుతుంది, పూరీ పిండి సాగేది ఆ జిగురు వల్లే. జొన్నలో ఆ జిగురు లేదు, అందుకే జొన్నరొట్టెను కర్రతో సాగదీయలేం, వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టాలి. రొట్టెకు కష్టం తెచ్చే ఆ గుణమే క్రంబుల్‌కు వరమైంది. జొన్న పిండి ఎంత నలిపినా బిగుసుకోదు. అయితే మొత్తం జొన్నే అయితే నోట్లో మరీ పొడిగా తిరుగుతుంది. సగం గోధుమ, సగం జొన్న, గుప్పెడు దంచిన పల్లీలు: ఇప్పుడు మా ఇంటి పాళ్లు ఇవే.

బెల్లం వేస్తారా అంటే, వేస్తాం, కానీ సగమే. బెల్లంలో చెమ్మ ఉంటుంది, పిండిని ముద్ద కట్టిస్తుంది, చక్కెర కన్నా తొందరగా మాడుతుంది. మిగతా సగం చక్కెర ఉంటే పలుకు నిలుస్తుంది.

నలిపి

ఈ వాక్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. తెలుగులో చేతివేళ్లు చేసే పనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. పిసకడం అంటే అరచేతితో ఒత్తి ఒకటి చేయడం, రొట్టె పిండికి చేసేది అది. మెదపడం అంటే ఉడికినదాన్ని మెత్తన చేయడం, పప్పుకు చేసేది. చిదమడం అంటే వేళ్ల మధ్య ఒత్తి చితికించడం. నలపడం వీటిలో ఏదీ కాదు. బొటనవేలికీ మిగతా వేళ్ల కొసలకీ మధ్య పెట్టి, రాసి, వదిలేయడం. వదిలేయడం అందులో భాగం. పిసికితే పదార్థం కలుస్తుంది, నలిపితే విడిపోతుంది.

అలా నలిపినప్పుడు లోపల జరిగేది ఇది. ప్రతి పిండి రేణువుకూ కొవ్వు పూత పడుతుంది. ఆ పూత పడ్డాక పండు రసం తగిలినా, వెన్నలోని నీరు తగిలినా పిండిలోని జిగురు మేలుకోదు. కాలినప్పుడు ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోలేక విడివిడిగా గుల్లబడతాయి. అదే కరకర. అరచేయి తగలనీయకూడదు, వేళ్ల కొసలకన్నా అరచేయి వేడి. చేతిని గిన్నె నుంచి ఒక జానెడు పైకి ఎత్తి, పిండి వేళ్ల మధ్య నుంచి జారి మళ్లీ గిన్నెలో పడేట్టు నలపాలి. జారే దారిలో గాలి తగిలి చల్లబడుతుంది.

మొదటి రోజు మేనకోడలు ఇది చేస్తుంటే అవ్వ పక్కన నిలబడి చూసి, "ఇది మలీద గాదా బిడ్డా?" అన్నది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

సద్దుల బతుకమ్మ నాడు మా వైపు ప్రతి ఇంట్లో మలీద ముద్దలు చేస్తారు. ఎంగిలిపూల నాడు మొదలైన తొమ్మిది రోజుల ఆటకు అది చివరి రోజు. పొద్దుననే గోధుమతోనో జొన్నతోనో కాస్త మందంగా రొట్టెలు కాలుస్తారు. గోరువెచ్చగా ఉండగానే తుంచి, రెండు చేతుల మధ్య నలిపి నలిపి పొడి చేస్తారు. తురిమిన బెల్లం, నెయ్యి, యాలకుల పొడి వేసి మళ్లీ నలుపుతారు. ఆఖరున ముద్ద కడతారు. సాయంత్రం చెరువులో బతుకమ్మలను సాగనంపాక గట్టు మీద కూర్చుని, సత్తుపిండితో, సద్దులతో పాటు దీన్ని పంచుకుంటారు. పీర్ల పండుగకు కూడా ఇదే మలీద. హిందువుల ఇళ్ల నుంచీ ముస్లింల ఇళ్ల నుంచీ పీర్లకు ఇదే పోతుంది.

ఆ పేరు పారసీది. మాలీదన్ అంటే రుద్దడం, నలపడం. మాలీద అంటే నలిపినది. మనం ఒంటికి చేయించుకునే మాలీషు కూడా ఆ క్రియ నుంచే పుట్టింది. ఇంగ్లండులో క్రంబుల్ అనే మాటకూ అర్థం పొడిగా రాలడమే, వాళ్ల వంటపుస్తకాలు ఈ పనిని చెప్పేదీ వెన్నను పిండిలోకి రుద్దడం అనే. జర్మన్లు ఇటువంటి పిండినే స్ట్రాయ్‌జెల్ అంటారు, అది చల్లడం అనే క్రియ నుంచి వచ్చింది. మేము, ఇంగ్లండువాళ్లు చెయ్యి పేరే పెట్టుకున్నాం, జర్మన్లు ఆ తర్వాతి పని పేరు పెట్టుకున్నారు.

తేడా ఒకటుంది. మలీదలో ముందు కాల్చి తర్వాత నలుపుతాం. క్రంబుల్‌లో ముందు నలిపి తర్వాత కాలుస్తారు. అందుకే మలీద మెత్తన, క్రంబుల్ కరకర. చెయ్యి చేసే పని మాత్రం ఒకటే. యాభై ఏళ్లుగా మలీద నలిపిన అవ్వ వేళ్లకు ఎవరూ ఏమీ నేర్పనక్కరలేకపోయింది. మూడోసారికి మేనకోడలి కన్నా సమంగా నలిపింది. అంతవరకు ఆ తీపి వంటను నేను బయటి దేశానిదిగానే చూశాను. ఆ రోజు అవ్వ వేళ్లు చూశాక అలా అనుకోవడం మానేశాను.

ఇక్కడ ఒక విషయం చేర్చాలి. క్రంబుల్ ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది రెండో ప్రపంచ యుద్ధకాలపు కరువు రోజుల్లోనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1940 జనవరి 8న వెన్నకు, చక్కెరకు అక్కడ రేషన్ పెట్టారు. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. పండు చుట్టూ కింద పైన పిండి పొర కట్టే పై అనే వంటకు వెన్న చాలా కావాలి. పైన మాత్రమే కాస్త చల్లుకుంటే కొంచెంతో సరిపోతుంది. మలీద కూడా అలా మిగులూ తగులూ చూసుకునే ఇంటి వంటే. పండుగ కాని రోజున పిల్లలకు అవ్వ మలీద చేసేది రాత్రి మిగిలిన రొట్టెతోనే.

రవ్వయినంక

ఎక్కడ ఆపాలో చెప్పే మాట. ఉప్మా రవ్వంత కొంత, పెసరగింజంత కొంత, అక్కడక్కడ శనగగింజంత: ఇలా కలగలుపుగా ఉండాలి. అంతా ఒకే తీరు సన్నగా ఉంటే కాలాక పొరలాగా గట్టిపడుతుంది. పరీక్ష తేలిక. పిడికిట పడితే ముద్ద నిలవాలి, వేలితో తడితే విరగాలి. కర్జెలకు పిండి తడిపే ముందు నూనె పట్టించి మన ఆడవాళ్లు చూసే పరీక్ష ఇదే కదా. చక్కెర ఈ దశలోనే కలపాలి. ముందే వేస్తే అది వెన్నలోని నీటిని లాగి పిండిని జిడ్డు చేస్తుంది.

పైన చల్లి

చల్లాలి, ఒత్తకూడదు. పళ్లెంలోంచి చేత్తో తీసి, ముగ్గు పిండి వదిలినట్టు వదలాలి. ఒత్తితే కింది ఆవిరికి దారి ఉండదు. అంచుల దగ్గర కాస్త పలచగా ఉంచితే రసం అక్కడి నుంచి పొంగి, కాలి, జీడిలాగా సాగుతుంది. పిల్లలు గొడవపడేది ఆ అంచు కోసమే.

ఎర్రబడేదాక కాల్చి

బ్రౌన్ అనే రంగుకు మన వంటింట్లో వేరే పేరు లేదు. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాలి అంటాం, పూరీ ఎర్రబడింది అంటాం. ఇక్కడా ఆ ఎరుపే. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. పైన రంగు రావడం ఒక్కటే చూడొద్దు, అంచుల్లో రసం బుడగలు చిక్కగా, నెమ్మదిగా పగులుతున్నాయా చూడాలి. పలచగా గబగబా పొంగుతుంటే ఇంకా కాలాలి.

ఓవెన్ లేని ఇళ్లే మా వాడలో ఎక్కువ. కుక్కర్‌లో ఉప్పు పరిచి, గాస్కెట్, విజిల్ తీసేసి, గిన్నె పెట్టి కాల్చవచ్చు అంటారు. చేసి చూశాం. వేడి కింది నుంచే వస్తుంది కాబట్టి పండు బాగా ఉడికింది, పైన పిండి మాత్రం తెల్లగా, చెమ్మగా ఉండిపోయింది. నాకు నచ్చిన పద్ధతి ఇది: పండును చక్కెరతో చిన్న గిన్నెలో దగ్గరపడేదాకా విడిగా ఉడికించి, నలిపిన పిండిని మందపాటి ముకుడులో సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు వేయించాలి. గరిటెతో కలపకుండా, ముకుడును ఊపుతూ, అప్పుడప్పుడు అట్లకాడతో కింది నుంచి తిరగేయాలి. మొదట మెత్తబడి భయపెడుతుంది, తొందరపడి కెలకొద్దు. నాలుగైదు నిమిషాలకు వెన్న వాసన నేతి వాసనగా మారుతుంది, అప్పటి నుంచి పలుకు గట్టిపడుతుంది. సీతాఫలానికీ ఈ దారే.

ఆరినంక

పావుగంట. పొయ్యి మీది నుంచి దించగానే పండు రసం నీళ్లలాగే ఉంటుంది, పిండి మెత్తగా ఉంటుంది. చల్లబడే కొద్దీ రసం చిక్కబడుతుంది, పిండిలోని చక్కెర బిగుసుకుని కరకర వస్తుంది. పైగా ఉడికిన పండులోని తీపి రసం అన్నం వేడి లాంటిది కాదు, నాలుక మీద అంటుకుని కాలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఈ మాటను గట్టిగా చెప్పాలి.

తినాలె

ఇంగ్లండులో దీని మీద వేడి కస్టర్డ్ పోసుకుంటారు. మేనకోడలు కస్టర్డ్ పొడి వెంట తెచ్చింది కూడా. అవ్వ మాత్రం పొద్దున కాచిన పాల మీది మీగడను చెంచాతో తీసి పక్కన వేసుకున్నది. వేడి మామిడి, చల్లటి మీగడ, మధ్యలో జొన్న పలుకు. ఆ తర్వాత మా ఇంట్లో కస్టర్డ్ డబ్బా మూత తీయలేదు.

మిగిలినది మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు ఉంటుంది. కరకర పోతుంది, పెనం మీద వెచ్చబెడితే కొంత తిరిగి వస్తుంది. అవ్వ వెచ్చబెట్టనివ్వదు. తెల్లారి లేచి, మెత్తబడిన పిండినీ పండునూ వేళ్లతో కలిపి, ముద్ద కట్టి, సద్ది తిన్నట్టే గడప దగ్గర కూర్చుని తింటుంది. నేను చెంచా ఇవ్వబోతే, "మలీదకు చెంచానా?" అంటుంది.